పొగబెట్టిన రొయ్యను చెంచాతో కొలవాలి

ఈమధ్య ఒక పట్టిక చాలామంది ఫోన్లలో తిరుగుతోంది. గుడ్డు, పాలు, పప్పులు, చికెన్, చివర్లో పొగబెట్టి ఎండబెట్టిన రొయ్య. వంద గ్రాములకు ప్రోటీన్ ఎంత అన్న లెక్కలో రొయ్య మిగతా అన్నిటినీ దాటేసి ఎక్కడో పైన కూర్చుంది. కింద "ప్రకృతి ఇచ్చిన ప్రోటీన్ పౌడర్" అని పెద్ద అక్షరాలు. స్నేహితురాలు ఒకామె దాన్ని నాకు పంపి, "జిమ్‌కి వెళ్తున్న మావాడికి రోజూ ఒక కప్పు పెట్టనా?" అని అడిగింది. వద్దని వెంటనే చెప్పేశాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం ఫోన్లో నాలుగు వాక్యాలు చాలలేదు.

పట్టికలోని అంకె అబద్ధమేమీ కాదు. దాన్ని ఏ కొలతతో చూస్తున్నామన్నదే ప్రశ్న. పొగబెట్టి ఎండబెట్టిన రొయ్య కుండకు రుచి పట్టించే దినుసు అని నా గట్టి నమ్మకం. తరతరాలుగా దాన్ని వండుతున్నవాళ్ళు గుప్పెడుతోనో చెంచాతోనో కొలిచారు. ఆ కొలతలో చూసినప్పుడే దాని పోషణ ఎంతో, రుచి ఎంతో, ప్రమాదం ఎంతో సరిగ్గా తెలుస్తుంది. వంద గ్రాముల కొలత ఈ మూడింటినీ వంకర చేస్తుంది.

ముందుగా ఒక తేడా చెప్పాలి. పొగబెట్టిన రొయ్య పేరుతో రెండు వేర్వేరు సరుకులు దొరుకుతాయి. ఒకటి మెత్తగా, తడిగా ఉండేది. ఉప్పునీటిలో నానబెట్టి, కాసేపు వేడి పొగ పట్టించి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతారు. స్వీడన్‌లో చల్లని సముద్రపు చిన్న రొయ్యల్ని ఇలా పొగబెట్టి వెల్లుల్లి మయోనైజ్‌తో తింటారు. అది మామూలు రొయ్యలాగే ఒక పూట తిండి. రెండోది గంటల తరబడి, కొన్నిచోట్ల రోజుల తరబడి పొగ మీద ఉంచి కరకరలాడేలా ఆరబెట్టింది. ఫ్రిజ్ లేకుండా నెలల పాటు నిలవ ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికా తీరమంతా, బ్రెజిల్‌లోని బహియా, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ఈ రెండో రకానికి పెట్టింది పేరు. పట్టికలో ఉన్నదీ ఇదే, నేను మాట్లాడుతున్నదీ ఇదే.

మొదటి రకం గురించి ఒక్క జాగ్రత్త చెప్పి వదిలేస్తాను. గాలి తీసి ప్యాక్ చేసిన తడి రొయ్యను బయట పెట్టి మరిచిపోకూడదు. బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధను కలిగించే బ్యాక్టీరియాలో ఇ రకం గాలి లేనిచోట, 3.3 డిగ్రీల చల్లదనంలో కూడా పెరగగలదు. లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా భయం కూడా ఉంది కాబట్టి గర్భిణులు దాన్ని బాగా వేడిచేయకుండా తినకపోవడమే మంచిది.

వంద గ్రాముల లెక్కలో ఉన్న చిక్కు

పచ్చి రొయ్య కండలో వంద గ్రాములకు దాదాపు 78 గ్రాములు నీరే. ప్రోటీన్ సుమారు 20 గ్రాములు. కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. దాన్ని పొగ మీద ఆరబెట్టి తేమను 12 శాతానికి తెస్తే వంద గ్రాముల కండ పాతిక గ్రాములవుతుంది. ప్రోటీన్ ఎక్కడి నుంచో వచ్చి చేరలేదు, నీరు పోయింది అంతే. వంద గ్రాముల ఎండిన రొయ్య అంటే నాలుగు వందల గ్రాముల పచ్చి కండ. చికెన్‌ను కూడా అంతే గట్టిగా ఎండబెడితే దాని అంకె కూడా దాదాపు అక్కడికే వచ్చి నిలుస్తుంది. నీరు తీసేసిన సరుకును, నీరున్న గుడ్డుతో, నీరున్న పాలతో ఒకే వరుసలో నిలబెట్టి గెలిచిందనడం పోటీయే కాదు.

ఇంకో సంగతి అంతగా చర్చకు రాదు. చిన్న రొయ్యల్ని తలతో, పెంకుతో సహా పొగబెడతారు, అలాగే పొడి కొడతారు. ఆహారంలో ప్రోటీన్‌ను మామూలుగా నేరుగా కొలవరు. నైట్రోజన్ ఎంతుందో కొలిచి దాన్ని 6.25తో హెచ్చవేస్తారు. రొయ్య పెంకులోని కైటిన్ ప్రోటీన్ కాదు, పీచులాంటి ఒక పదార్థం. కానీ అందులో సుమారు 6.9 శాతం నైట్రోజన్ ఉంది. పై లెక్క ప్రకారం వంద గ్రాముల శుద్ధ కైటిన్ కూడా 43 గ్రాముల ప్రోటీన్‌గా నమోదైపోతుంది. దాన్ని మనం చాలా కొద్దిగా మాత్రమే జీర్ణం చేసుకోగలం. కాబట్టి పెంకుతో కలిపి పొడి చేసిన రొయ్యకు లేబుల్ మీద కనబడే ప్రోటీన్‌లో కొంత భాగం కండరాలకు చేరేది కాదు. జిమ్‌కి వెళ్ళే పిల్లవాడి తల్లికి ఎవరైనా ఇది చెప్పాలి కదా.

అలాగని పెంకు దండగ అనను. దానిలో కాల్షియం కార్బొనేట్ ఉంది. పాలు తాగని ఇళ్ళలో పెంకుతో కలిపి తినే రొయ్య పొడి కాల్షియంకు ఒక దారి. రొయ్యను వేడిచేసినప్పుడు వచ్చే ఎరుపు అస్టాజాంతిన్ అనే రంగుది. పచ్చి రొయ్యలో అది ఒక ప్రోటీన్‌కు అతుక్కుని బూడిద నీలంగా కనిపిస్తుంది, వేడికి విడిపోయి ఎర్రబడుతుంది. అయోడిన్, సెలీనియం, జింక్, బి12 కూడా ఉన్నాయి.

కొలెస్ట్రాల్ భయం గురించి చాలామంది అడుగుతారు. పచ్చి రొయ్యలో వంద గ్రాములకు 150 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఎండాక నాలుగింతలు చిక్కబడుతుంది. ఒక కప్పు తింటే అది పెద్ద అంకే. ఐదు గ్రాముల చెంచాలో మాత్రం 30 మిల్లీగ్రాములు, గుడ్డు పచ్చసొనలో ఉండేదానిలో ఆరోవంతు. 1996లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో రోజుకు 300 గ్రాముల ఉడికించిన రొయ్యలు తిన్నవాళ్ళకు చెడు కొలెస్ట్రాల్ సుమారు 7 శాతం పెరిగింది, మంచి కొలెస్ట్రాల్ 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి. అందుకని నేను కొలెస్ట్రాల్ కంటే ఉప్పు గురించే ఎక్కువ పట్టించుకుంటాను. కొన్నిచోట్ల ఉప్పు లేకుండానే పొగబెడతారు, కొన్నిచోట్ల గట్టి ఉప్పునీటిలో ఉడికించి తర్వాత పొగకు పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలంటుంది. ఉప్పు పట్టిన రొయ్యను కప్పుతో తింటే ఆ హద్దు ఒక్క పూటలోనే దాటిపోవచ్చు.

చెంచా కూడా చిన్నది కాదు

ఇక్కడ నాకే ఒక సందేహం వచ్చింది. దినుసే కదా అని చెప్పి దాని పోషణను మరీ తక్కువ చేస్తున్నానా?

లెక్క వేసి చూశాను. పెంకుతో ఉన్న పొడిలో ప్రోటీన్ 60 శాతం అనుకుందాం. ఒక మనిషి వాటాకు ఐదు గ్రాముల పొడి వస్తే 3 గ్రాముల ప్రోటీన్, అంటే గుడ్డులో సగం. బి12 పావు మైక్రోగ్రాము దాకా రావచ్చు, పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన 2.4లో ఇది పదోవంతు. పాలు, గుడ్లు, మాంసం అన్నీ దొరికే మనిషికి ఇదేమంత లెక్కలోది కాదు.

కానీ పొద్దున, రాత్రి కర్రపెండలం మాత్రమే తినే ఇంట్లో పరిస్థితి వేరు. కర్రపెండలంలో ప్రోటీన్ దాదాపు లేనట్టే. ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ధాన్యాల్లో లైసిన్ తక్కువ, చిక్కుడు జాతి గింజల్లో మెథియొనిన్ తక్కువ. రొయ్యలో రెండూ దండిగా ఉన్నాయి. ఆ ఇంటి కుండలో పడే ఒక్క చెంచా పొడి మిగతా తిండిలో ఉన్న ప్రోటీన్‌ను కూడా ఒంటికి పట్టేలా చేస్తుంది. బి12 మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు కాబట్టి ఆ పదోవంతే వాళ్ళకు వచ్చే మొత్తం కావచ్చు. నైజీరియా, కామెరూన్ తీరాల్లో నదీముఖాల దగ్గర పట్టే బక్కపలచని రొయ్య పొడిగా మారి, సముద్రం ఎన్నడూ చూడని ఊళ్ళ దాకా వెళ్తుంది. అక్కడ దాన్ని క్రేఫిష్ అంటారు. మాంసం కొనలేని ఇల్లు కూడా ఓ గుప్పెడు కొంటుంది.

కాబట్టి చెంచాతో కొలవాలన్న నా మాట దాన్ని చిన్నబుచ్చడానికి కాదు. పేదవాడి కుండలో ఆ చెంచా విలువ చాలా ఎక్కువ. అన్నీ ఉన్నవాడి కప్పులో అది అనవసరమైన ఉప్పు, అనవసరమైన పొగ.

వంటలో దాని పని

ఈ భాగం రాయడం నాకు అన్నిటికంటే ఇష్టం.

రొయ్యలో గ్లూటమేట్ ఉంది, దానితోపాటు న్యూక్లియోటైడ్లు కూడా ఉన్నాయి, రెండూ రుచినిచ్చే పదార్థాలే. ఈ రెండూ కలిసినప్పుడు నాలుకకు తెలిసే ఉమామి రుచి (మాంసపు రసంలో ఉండే లాంటి కమ్మదనం), విడివిడిగా ఇచ్చే రుచుల మొత్తం కంటే చాలా ఎక్కువ. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండటం వల్ల వెనక ఒక సన్నని తీపి ఉంటుంది. దీనిమీద పొగ వచ్చి చేరుతుంది. చెక్కలోని లిగ్నిన్ కాలినప్పుడు గయకాల్, సిరింగాల్ అనే ఫినాల్స్ పుడతాయి. పొగ వాసనగా మనం గుర్తుపట్టేది ఎక్కువగా వాటినే. కొవ్వు చెడిపోకుండా అడ్డుకునే గుణం కూడా వాటికి ఉంది. ఇంత రుచి ఇంత తక్కువ బరువులో ఇమిడిన దినుసులు చాలా కొద్ది.

నైజీరియాలో పుచ్చగింజల పొడితో చేసే ఎగుసి సూప్‌లో, బెండకాయ సూప్‌లో, అలసందలు రుబ్బి ఆవిరి మీద ఉడికించే మొయిమొయిలో ఈ పొడి పడుతుంది. తిన్నవాడికి రొయ్య కనబడదు. అది లేకపోతే మాత్రం ఏదో లోపించిందని మొదటి ముద్దకే తెలుస్తుంది. ఘానాలో షిటో అనే నల్లటి కారం ఉంది. ఎండు చేప, రొయ్య పొడిని మిరప, అల్లం, ఉల్లిపాయలతో కలిపి నూనెలో నల్లబడేదాకా ఓపికగా వేయిస్తారు. సీసాలో నెలల పాటు ఉంటుంది, హాస్టళ్ళకు వెళ్ళే పిల్లల పెట్టెల్లో తప్పకుండా చేరుతుంది.

అట్లాంటిక్ అవతల బహియాలో ఇదే వంట అలవాటు కనిపిస్తుంది. బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్లు తమ వంటను వెంట తీసుకెళ్ళారు. అలసంద పిండిని ఎర్ర పామాయిల్‌లో వేయించి, మధ్యకు చీల్చి, ఎండు రొయ్య, వేరుశనగ లేదా జీడిపప్పు, కొబ్బరిపాలు కలిపి చేసిన వటాపా అనే ముద్దను కూరి, పైన నాలుగు పొగ రొయ్యలు పెట్టి ఇస్తారు. దాని పేరు అకరాజె. దాన్ని వీధుల్లో అమ్మే స్త్రీల వృత్తిని బ్రెజిల్ 2005లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. ఒక చిన్న ఎండు రొయ్య ఇంత చరిత్రను మోసుకుంటూ వచ్చిందంటే నాకు ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఫుకెట్‌లో రొయ్యల్ని వెదురు పుల్లలకు వరుసగా గుచ్చి పొగ మీద ఆరబెడతారు. వాటిని కుంగ్ సియాప్ అంటారు. మిరపకాయలు, వెల్లుల్లి, రొయ్యల ముద్ద, నిమ్మరసం, చక్కెరతో దంచి పచ్చడి చేసి పచ్చి కూరగాయల పక్కన పెడతారు. ఇక్కడా రొయ్య కొంచెమే, కూరగాయలే ఎక్కువ. ఆఫ్రికా వంటవాళ్ళు, ఫుకెట్ వంటవాళ్ళు ఒకరినొకరు ఎరగకుండానే ఒకే కొలతకు చేరుకున్నారు. నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

వండేటప్పుడు నేను పాటించేవి కొన్ని. తలకాయల మొనలు, కాళ్ళు దులిపేసి, గోరువెచ్చని నీటిలో గబగబా కడిగి, పొడి గుడ్డతో ఒత్తుతాను. నానబెడితే ఆ నీటిని అడుగున దిగే ఇసుక వదిలేసి కుండలోనే పోస్తాను, రుచిలో సగం అందులోకే దిగి ఉంటుంది. పొడిని వంట మొదట్లో కొంత, దించే ముందు కొంత వేస్తాను. మొదట వేసినది రసంలో కలిసి గాఢతనిస్తుంది, చివర వేసినది పొగ వాసనను నిలబెడుతుంది. రొయ్య వేశాకే ఉప్పు రుచి చూడాలి. పొడిని నూనెలో మాడిస్తే చేదెక్కుతుంది, ఆ చేదును ఏదీ సరిచేయలేదు.

ఉడికించిన గింజలన్నా ఆకుకూరలన్నా మొహం తిప్పుకునే పిల్లలు ఈ పొడి ఒక చెంచా కలిపాక రెండోసారి పెట్టించుకోవడం మా ఇంట్లో చూశాను. రొయ్య తన ప్రోటీన్‌తో చేసే మేలు కంటే, ఆకుకూరల్ని, గింజల్ని ఇష్టంగా తినిపించి చేసే మేలు ఎక్కువేమో అనిపిస్తుంది.

పొగ సంగతి దాటవేయలేం

చెక్క సరిగా కాలనప్పుడు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు పుడతాయి. అందులో బెంజోపైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తన మొదటి వర్గంలోనే చేర్చింది. చేపల విషయంలో కొవ్వు కారి నిప్పుల మీద పడి ఇవి ఇంకా పెరుగుతాయి. రొయ్యకు కొవ్వు లేదు కనుక ఆ బెడద తక్కువ. కానీ నేరుగా మంట మీద గంటల తరబడి ఉంటుంది కనుక చెక్క పొగలోంచి వచ్చేది పెంకు మీద పేరుకుంటుంది.

యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరు నుంచి పొగబెట్టిన చేపలకు, రొయ్యలకు కిలోకు 2 మైక్రోగ్రాముల బెంజోపైరీన్, ఆ కుటుంబంలోని నాలుగింటికి కలిపి 12 మైక్రోగ్రాములు అని హద్దు పెట్టింది. అయితే రొయ్య జాతికి ఆ హద్దు వర్తించేది పొట్ట భాగం (అంటే తల తీసేశాక మనం తినే తోక కండ), కాళ్ళలోని కండకు. మసి పట్టే పెంకును, తలను అది లెక్కలోకి తీసుకోదు. పెంకు ఒలిచి తినేవాళ్ళకు ఇది సబబే. పెంకు, తల కలిపి పొడి కొట్టుకునే కోట్లమందికి ఈ కొలత సరిపోదు. తినేది ఏ రూపంలోనో ఆ రూపంలోనే పరీక్ష జరగాలని నా వాదన.

ఇక్కడ ఎదురు వాదన ఒకటి ఉంది. తాతల నాటి నుంచి తింటున్నారు, ఏమైంది అంటారు. నెమ్మదిగా పనిచేసే విషాల విషయంలో ఈ మాట చెల్లదు. ఎవరికి ఏ జబ్బు ఎందుకొచ్చిందో ఊళ్ళలో ఎవరూ లెక్క రాయలేదు. ఇంకొందరు అసలు మానేయండి అంటారు. పోషణకు వేరే దారి లేనివాళ్ళ చేతిలోంచి ఆ చెంచా లాక్కోవడం కూడా నాకు సమ్మతం కాదు. నిజంగా మారాల్సింది పొయ్యి.

ఆ ప్రయత్నాలు జరిగాయి కూడా. ఘానా రాజధాని అక్రాలోని మత్స్యకారుల పేట చోర్కోర్ పేరుతో వచ్చిన పొయ్యి, ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతితో కట్టెలు బాగా ఆదా చేసింది, స్త్రీల కళ్ళకు పొగ తగ్గించింది. సరుకులోని హానికర పదార్థాల విషయంలో మాత్రం అది చాలలేదు. తర్వాత సెనెగల్‌లోని థియారొయ్ మత్స్య శిక్షణ కేంద్రం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) కలిసి ఇంకో పొయ్యిని తయారుచేశాయి. అందులో ముందు కట్టెల్ని నిప్పుకణికలుగా మార్చి ఆ వేడితో ఉడికించి ఆరబెడతారు, కారే కొవ్వును ఒక ట్రే పట్టుకుంటుంది, చివర్లో వడగట్టిన పొగను విడిగా పట్టిస్తారు. దారి తెలిసింది. అది కొనే స్తోమత పొగబెట్టే స్త్రీలకు ఉండాలి, ఆ ఖర్చుకు తగ్గ ధర కొనేవాళ్ళు ఇవ్వాలి.

కట్టెల సంగతి ఇంకా బాధపెడుతుంది. కామెరూన్ తీరంలో మడ చెట్ల కలపకే గిరాకీ, తడిగా ఉన్నా మండుతుంది, మంచి రంగు ఇస్తుంది. ఎన్నో రకాల రొయ్య పిల్లలు పెరిగేది ఆ మడ అడవుల వేళ్ళ మధ్యే. రొయ్యను దాని ఉయ్యాల కట్టెలతోనే కాలుస్తున్నామన్నమాట. కట్టెలు తక్కువ తినే పొయ్యి అందుకోసమైనా కావాలి.

కొనేవాళ్ళం మనం చేయగలిగింది కొంత ఉంది. నల్లగా మసిబారి, చేతికి అంటుకుంటూ, తారు వాసన వచ్చేవి ఎంత చవకైనా కొనకూడదు. రాగి రంగులో, విరిస్తే టప్పున విరిగేవి మంచివి. మెత్తబడ్డవి తేమ పట్టినట్టు, వాటికి బూజు త్వరగా వస్తుంది. ఎండు చేపల్ని తినే డెర్మెస్టిస్ పురుగులు వీటినీ వదలవు. గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెడితే పురుగు, వాసన మారడం రెండూ తప్పుతాయి.

కనబడని రొయ్య

పొడి రూపంలో ఉన్న రొయ్యతో ఇంకో ప్రమాదం ఉంది. రొయ్య అలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. అది వేడికి చెడదు. ఉడికించినా, పొగబెట్టినా, నూనెలో నల్లగా వేయించినా దాని పని అది చేస్తుంది. ఒకసారి ఆఫీసు భోజనాల దగ్గర ఎవరో తెచ్చిన షిటోను సహోద్యోగి ఒకరు రొట్టెకు రాసుకుని తిన్నారు. రొయ్యలు పడవని ఆయనకు బాగా తెలుసు, కానీ సీసాలో కనబడింది నల్లని కారం మాత్రమే. పెదవులు వాచి, గొంతు పట్టేసి, అందరం టెన్షన్‌తో హాస్పిటల్‌కి పరుగెత్తాం. మందు సమయానికి పడింది. ఇంట్లో చేసిన సీసా కాబట్టి లేబుల్ లేదు, పెట్టినవాళ్ళకు చెప్పాలని తోచలేదు. దినుసుగా కొంచెమే వాడామన్న కొలత ఈ ఒక్క విషయంలో కాపాడదు, అలర్జీ ఉన్నవాళ్ళకు ప్రమాదం రావడానికి చిటికెడైనా చాలు.

అందుకే ఈ పొడిని అమ్మేవాళ్ళ దగ్గర నుంచి నేను కోరేవి ఇవి. ప్యాకెట్ ముందు వంద గ్రాముల ప్రోటీన్ అంకె వద్దు, ఐదు గ్రాముల చెంచాకు లెక్క రాయండి. ఉప్పు ఎంతో రాయండి. పెంకుతో కలిపి కొట్టారో, ఒలిచి కొట్టారో రాయండి. ఏ కట్టెతో, ఎలాంటి పొయ్యి మీద పొగబెట్టారో రాయండి. రొయ్య ఉందన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి, దానితో చేసిన కారాల మీద కూడా. వంటింట్లో చేసి పంచేవాళ్ళు సీసా మూత మీద పెన్నుతో రాసినా చాలు.